ఓడితే ఓర్చుకుంటాం... జవాబు చెప్పకపోతేనే!

సిరాజ్ ఆ బంతిని సరిగ్గానే ఆడాడు. బ్యాటు నడిమధ్యన తగిలింది. కింద పడి, వెనక్కి దొర్లుకుంటూ వెళ్లి స్టంపును తాకింది. బెయిలు రాలింది. 2025 జులై 14, లార్డ్స్. 193 పరుగులు కొట్టాల్సిన మన జట్టు 170 దగ్గర ఆగిపోయింది. అవతలి వైపు జడేజా 61 పరుగులతో అలాగే నిలబడి ఉన్నాడు. ముప్పై బంతులు కాచుకున్న సిరాజ్ క్రీజులోనే కూలబడ్డాడు. ఇంగ్లండ్ ఆటగాళ్లే వచ్చి భుజం తట్టారు.

నల్లకుంటలో మా ఇంట్లో టీవీ ముందు ఆరుగురం ఉన్నాం. చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. అన్నం ప్లేట్లు అలాగే ఉండిపోయాయి. చివరికి మా అమ్మే, ‘పాపం పిలగాడు, ఎంతసేపు నిలబడ్డడో’ అంది. క్రికెట్ గురించి ఆమెకు పెద్దగా తెలియదు. కానీ ఆ మాటను మించి ఆ రాత్రి ఎవరూ ఏమీ అనలేకపోయారు.

మర్నాడు పొద్దున దాకా బాధపడ్డాను. కోపం మాత్రం రాలేదు. ఎవరి మీద రావాలి? జరిగిందంతా కళ్ల ముందే జరిగింది. పోరాడారు, ఓడారు. అలాంటి ఓటమిని అభిమాని ఎన్నిసార్లయినా మోస్తాడు. నలభై ఏళ్లుగా ఆట చూస్తున్నవాడిగా ఈ మాట చెప్పగలను. మోయలేనిది ఇంకొకటి ఉంది. ఏం జరిగిందో మనకు తెలియనివ్వకపోవడం, అడిగితే తలుపు వేసుకోవడం. హైదరాబాద్ అభిమానికి ఈ రెండో రకం దెబ్బలు కొంచెం ఎక్కువే తగిలాయి.

నిలబెట్టిన కాలరు

1984 డిసెంబరు 31న కలకత్తాలో అజహరుద్దీన్ తొలి టెస్టు మొదలైంది. వరసగా మూడు టెస్టులు, మూడు సెంచరీలు. కలకత్తాలో 110, మద్రాసులో 105, కాన్పూర్‌లో 122. అంతకుముందు ప్రపంచంలో ఎవరూ చేయని పని అది. చేసింది మన ఊరి పిల్లాడు. ఆల్ సెయింట్స్ బడిలో, నిజాం కాలేజీలో చదివినవాడు. మెడలో తాయెత్తు, పైకి నిలబెట్టిన కాలరు. మా గల్లీలో పిల్లలం ఇస్త్రీ లేని చొక్కాలకే కాలర్లు నిలబెట్టుకుని తిరిగాం. ఆఫ్ స్టంపు అవతల పడిన బంతిని మణికట్టు తిప్పి లెగ్ వైపు పంపాలని చూసి, ఎంతమంది ఎన్నిసార్లు బౌల్డయ్యామో లెక్కే లేదు.

నా దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్ ఉండేది. అజహర్ ఆడిన ప్రతి టెస్టుకూ ఒక పేజీ. పేపర్లో వచ్చిన స్కోరు కత్తిరించి, అన్నం మెతుకులతో అతికించేవాణ్ని. 1990లో లార్డ్స్‌లో చేసిన 121కి, 1996లో ఈడెన్‌లో దక్షిణాఫ్రికా మీద 77 బంతుల్లో కొట్టిన 109కి రెండేసి పేజీలు ఇచ్చాను. 2000 మార్చిలో బెంగళూరులో అదే దక్షిణాఫ్రికా మీద 102. జట్టు ఇన్నింగ్స్ తేడాతో ఓడినా ఆ సెంచరీ మాది అనుకున్నాం. అది తొంభై తొమ్మిదో టెస్టు. వందో టెస్టు పేజీకి ముందే గీతలు గీసి, అంచున రంగు పెన్సిలుతో పూలు వేసి ఉంచాను.

ఆ మరుసటి నెల, ఏప్రిల్ 7న ఢిల్లీ పోలీసులు దక్షిణాఫ్రికా కెప్టెన్ హాన్సీ క్రోనే మ్యాచ్ ఫిక్సింగ్ ఫోన్ సంభాషణల సంగతి బయటపెట్టారు. మొదట మేం నమ్మలేదు. క్రోనే లాంటివాడు అలా చేస్తాడా అనుకున్నాం. నాలుగు రోజుల్లో ఆయనే ఒప్పుకున్నాడు. జూన్‌లో దక్షిణాఫ్రికాలో విచారణ జరిపిన కింగ్ కమిషన్ ముందు కూర్చుని, తనకు బుకీని పరిచయం చేసింది అజహరుద్దీన్ అన్నాడు. తర్వాత సీబీఐ నివేదికలోనూ ఆ పేరే వచ్చింది. డిసెంబరు 5న భారత క్రికెట్ బోర్డు అజహర్ మీద జీవితకాల నిషేధం ప్రకటించింది.

ఆ రోజు మేం ఎప్పుడూ కూర్చునే ఇరానీ హోటల్లో టేబుళ్లన్నీ నిండి ఉన్నాయి. చప్పుడు మాత్రం లేదు. ఒకాయన పేపరు మడిచి, ‘ఇప్పుడు పాత మ్యాచులన్నీ ఏం చేసుకోవాలె?’ అని అడిగాడు. ఇరవై అయిదేళ్లుగా ఆ ప్రశ్న నా వెంటే తిరుగుతోంది. ఫిక్సింగ్ చేసే అసలు నష్టం ఇదే. డబ్బు ఎవరు తిన్నారన్నది ఒక లెక్క. మనం చూసిన ఆటను వెనక్కి వెళ్లి పాడు చేయడం ఇంకో లెక్క. అజహర్ త్వరగా అవుటైన ప్రతి స్కోరు మీదా నాకు అనుమానం మొదలైంది. చిన్నప్పుడు ఎంతో ఇష్టంగా అతికించిన కాగితాన్ని అనుమానంగా చూడాల్సి రావడం ఎంత కష్టమో అది అనుభవించినవాడికే తెలుస్తుంది.

కేసు సాగింది. 2012 నవంబరు 8న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చట్టం ముందు నిలవదని కొట్టేసింది. అప్పటికి ఆయనకు 49 ఏళ్లు. ఎంపీ కూడా అయ్యాడు. తాను తప్పు చేయలేదనే ఆయన వాదన. చేశాడనే పన్నెండేళ్లు బోర్డు వాదన. కోర్టు నిషేధం సంగతి తేల్చింది. మరి ఫలానా మ్యాచ్‌లో ఫలానా రోజు ఏం జరిగిందన్నది ఎవరు చెప్పాలి? విచారణ సరిగా జరిపి, సాక్ష్యం సరిగా పెట్టి ఉంటే నేరమైతే నేరమని, అబద్ధమైతే అబద్ధమని తేలేది. ఏదీ తేల్చకుండా పన్నెండేళ్లు గడిపేశారు. ఆ తప్పు మాత్రం నూటికి నూరుపాళ్లు బోర్డుదే. ఆయన నిర్దోషి అయితే ఆ వందో టెస్టు ఎవరు తిరిగిస్తారు? దోషి అయితే మా నోట్‌బుక్కు ఎవరు క్షమాపణ చెబుతారు?

కప్పు గెలిచిన జట్టు ఏమైంది?

2008లో ఐపీఎల్ మొదలైనప్పుడు డెక్కన్ చార్జర్స్ ఉప్పల్‌లో ఆడిన ఏడు మ్యాచులూ ఓడింది. మొత్తం పద్నాలుగింట రెండే గెలిచి అట్టడుగున నిలిచింది. అయినా టికెట్లు కొన్నాం, అరిచాం. మరుసటి ఏడాది లోక్‌సభ ఎన్నికల వల్ల టోర్నీ దక్షిణాఫ్రికాకు వెళ్లింది. అక్కడ గిల్‌క్రిస్ట్ సారథ్యంలో అదే జట్టు కప్పు కొట్టింది. 2009 మే 24, జొహానెస్‌బర్గ్, బెంగళూరు మీద 6 పరుగుల తేడా. కుంబ్లే 16 పరుగులకే 4 వికెట్లు తీసినా గెలుపు మనదే. నల్లకుంట చౌరస్తాలో ఆ రాత్రి టపాసులు పేలాయి.

విజేతలను సొంత మైదానంలో చూడాలని ఎదురుచూశాం. 2010లో తెలంగాణ ఉద్యమం వేడిలో మ్యాచులు కటక్‌కు, నాగపూర్‌కు, నవీ ముంబయికి తరలిపోయాయి. దాని మీద నాకే ఫిర్యాదూ లేదు. అది జనం బతుకు ప్రశ్న, ఆట ఆగొచ్చు. నా ఫిర్యాదు 2012 సెప్టెంబరు 14 గురించి. యాజమాన్యం అప్పుల్లో మునిగింది, బోర్డు జట్టును రద్దు చేసింది. ఒక్క ప్రకటనతో కప్పు గెలిచిన జట్టు మాయమైపోయింది.

ఆ తర్వాత యాజమాన్యానికీ బోర్డుకూ మధ్య వ్యాజ్యం నడిచింది. 2020లో మధ్యవర్తి బోర్డును 4,800 కోట్ల రూపాయల పైచిలుకు చెల్లించమన్నారు. మరుసటి ఏడాది బాంబే హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఇన్ని వేల కోట్ల వాదనలో ఎక్కడా మా ఊసు లేదు. నెల జీతంలో మిగిల్చుకుని జెర్సీ కొనుక్కున్న కుర్రాడికి కనీసం ఒక ఉత్తరం ముక్క రాలేదు. కంపెనీ మునిగితే వాటాదారుకు నోటీసు వస్తుంది. జట్టు మునిగితే అభిమానికి పేపర్లో వార్త వస్తుంది, అంతే.

గుంటూరు నుంచి ఇద్దరు

అంబటి రాయుడిది గుంటూరు. 2019 ప్రపంచకప్‌కు జట్టును ఎంపిక చేసిన సెలక్షన్ కమిటీ ఛైర్మన్ ఎమ్మెస్కే ప్రసాద్‌దీ గుంటూరే. తెలుగువాళ్లకు ఈ గొడవ ఇంట్లో పంచాయితీ లాంటిది.

2004లో అండర్-19 ప్రపంచకప్‌కు మన కెప్టెన్ రాయుడు. బోర్డు ఒప్పుకోని ఇండియన్ క్రికెట్ లీగ్ (ఐసీఎల్)లో చేరి కొన్నేళ్లు బయటే ఉండిపోయాడు. తిరిగొచ్చి, 2013లో టీమిండియా తరఫున తొలి వన్డే ఆడాడు. 2018 ఐపీఎల్‌లో చెన్నైకి 602 పరుగులు చేశాడు. నాలుగో స్థానానికి తగినవాడు దొరికాడని ఆ అక్టోబరులో కోహ్లీయే మెచ్చుకున్నాడు. 2019 ఫిబ్రవరిలో వెల్లింగ్టన్‌లో 18 పరుగులకే 4 వికెట్లు పడ్డ స్థితిలో నిలబడి 113 బంతుల్లో 90 కొట్టి మ్యాచ్ గెలిపించాడు. తర్వాత ఆస్ట్రేలియా మీద మూడు వన్డేల్లో 13, 18, 2. ఏప్రిల్ 15న జట్టు ప్రకటించారు. రాయుడు లేడు. అతని బదులు విజయ్ శంకర్ ఎందుకంటే బ్యాటింగ్, బౌలింగ్, ఫీల్డింగ్ అనే మూడు కోణాలు ఉన్నాయన్నారు. ప్రపంచకప్ చూడటానికి త్రీడీ కళ్లద్దాలు తెప్పించుకున్నానని మర్నాడు రాయుడు ట్వీట్ చేశాడు. దేశమంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ముప్పై మూడేళ్ల మనిషి కడుపులో మంట అది.

రాయుడిది దుందుడుకు స్వభావం, నిజమే. ఫామ్ కూడా తగ్గింది, అదీ నిజమే. ‘చివరి మూడు మ్యాచులు చూసి పక్కన పెట్టాం’ అని సూటిగా చెప్పి ఉంటే ఆటగాడికీ అర్థమయ్యేది, మాకూ అర్థమయ్యేది. తర్వాత జరిగింది ఇంకా బాధాకరం. స్టాండ్‌బైల జాబితాలో పేరు పెట్టారు. విజయ్ శంకర్ గాయపడితే అప్పటికి ఒక్క వన్డే కూడా ఆడని మయాంక్ అగర్వాల్‌ను పిలిచారు. జులై 3న రాయుడు రిటైరయ్యాడు. వారం తిరిగేసరికి మాంచెస్టర్ సెమీఫైనల్లో 5 పరుగులకు 3 వికెట్లు, 24కు నాలుగు. వెల్లింగ్టన్ లాంటి పరిస్థితే, ప్రత్యర్థి కూడా అదే న్యూజిలాండ్. రాయుడు ఉంటే గెలిచేవాళ్లమని నేననను. ఆ రోజు ఆ స్థానంలో ఎవరుండాలన్న ప్రశ్నకు రెండేళ్లు వెతికి, దొరికిన జవాబును మధ్యలోనే పడేశారని మాత్రం అంటాను. రాయుడు 55 వన్డేల్లో 47 సగటుతో ఆగిపోయాడు.

వార్నర్ సంగతీ ఇంతే. 2016లో 848 పరుగులు చేసి, చార్జర్స్ పోయాక మన ఊరికి వచ్చిన సన్‌రైజర్స్‌కు కప్పు తెచ్చినవాడు, లాక్‌డౌన్‌లో కుటుంబంతో ‘బుట్టబొమ్మ’కు చిందేసి తెలుగిళ్లలో మనిషైపోయినవాడు. 2021 మే 1న కెప్టెన్సీ తీసేశారు, మర్నాడు జట్టులోంచీ తీసేశారు. కారణం తనకూ చెప్పలేదని తర్వాత ఆయనే అన్నాడు. టోర్నీ గల్ఫ్‌కు మారాక స్టాండ్స్‌లో కూర్చుని జట్టు జెండా ఊపుతున్న వార్నర్‌ను టీవీలో చూసి మా అమ్మాయి ఏడ్చింది.

గేటు దగ్గర

2022 సెప్టెంబరు 22న భారత్-ఆస్ట్రేలియా మ్యాచ్ టికెట్ల కోసం సికింద్రాబాద్ జింఖానా మైదానం దగ్గర తొక్కిసలాట జరిగింది. మహిళలు సహా పలువురు గాయపడ్డారు. లాఠీలు లేచాయి. వేల మంది వస్తారని తెలిసి కూడా కౌంటర్లు సరిపడా పెట్టలేదు. మరుసటి ఏడాది హైదరాబాద్ క్రికెట్ సంఘం వ్యవహారాలు చూడటానికి సుప్రీంకోర్టు జస్టిస్ లావు నాగేశ్వరరావును నియమించాల్సి వచ్చింది. 2025లో సంఘానికీ సన్‌రైజర్స్‌కూ ఉచిత పాసుల దగ్గర గొడవైంది. జట్టు ఊరు మారుస్తామనే దాకా వెళ్లింది. ఆ జులైలో సంఘం అధ్యక్షుడిని సీఐడీ అరెస్టు చేసింది. ఆరోపణలు కోర్టులోనే తేలాలి. నన్ను కలచివేసింది ‘ఊరు మారుస్తాం’ అన్న ఆ ఒక్క మాట. ఒకసారి జట్టును పోగొట్టుకున్న ఊరితో అనాల్సిన మాటేనా అది? పాసు కోసం పెద్దలు కొట్లాడుకుంటుంటే, డబ్బిచ్చి టికెట్ కొన్నవాడే బెదిరింపు వినాల్సి వచ్చింది.

ఇన్ని అడిగే హక్కు మనకుందా అంటే ఉంది. కానీ మనమూ జవాబు చెప్పాల్సినవి ఉన్నాయి. తండ్రి ఆటో నడిపి పెంచిన సిరాజ్ ఐపీఎల్‌లో పరుగులిచ్చిన రోజు, ‘వెళ్లి మీ నాన్నతో ఆటో నడుపుకో’ అని రాసింది మన అభిమానులే. 2020 నవంబరులో సిరాజ్ ఆస్ట్రేలియాలో ఉండగా ఆ తండ్రి పోయాడు. కొడుకు కడచూపుకు కూడా రాకుండా అక్కడే ఉండి ఆడాడు. సిడ్నీలో ప్రేక్షకులు నోరు పారేసుకుంటే అంపైర్లకు చెప్పాడు. ఆట ఆపి, ఆరుగురిని బయటికి పంపారు. ఆ ఆరుగురిని తిట్టిన మనమే మరుసటి అక్టోబరులో పాకిస్థాన్ మీద ఓడిన రాత్రి షమీని అతని మతం పేరుతో తిట్టాం. నేను రాయలేదు, కానీ మా కాలనీ వాట్సాప్ గ్రూపులో చదివి ఊరుకున్నాను. ఊరుకోవడం తప్పు. ఇప్పుడు ఊరుకోను.

లార్డ్స్ తర్వాత మూడు వారాలకు ఓవల్. ఆగస్టు 3న 19 పరుగుల దగ్గర బ్రూక్ క్యాచ్ పట్టిన సిరాజ్ అడుగు వెనక్కి పడి బౌండరీ తాడును తొక్కాడు. బ్రూక్ 111 చేశాడు. మర్నాడు ఇంగ్లండ్‌కు 35 పరుగులు కావాలి, చేతిలో నాలుగు వికెట్లు. సిరాజ్ బంతి తీసుకున్నాడు. చివరికి అట్కిన్సన్ స్టంపు ఎగిరేసరికి తేడా 6 పరుగులు, సిరాజ్‌కు అయిదు వికెట్లు. ఆ తర్వాత మైకు ముందుకొచ్చి ఆ క్యాచ్ మ్యాచ్‌నే మార్చేసిన క్షణమని దాచకుండా చెప్పాడు. ఎవరూ నిలదీయకముందే తప్పు ఒప్పుకున్నాడు. బోర్డు గదుల్లో పాతికేళ్లుగా నేను వెతికిన మాట ఆ పిల్లాడి నోట విన్నాను.

మర్నాడు పేపర్లో సిరాజ్ చేతులు చాచి పరిగెత్తే ఫొటో వచ్చింది. మా అమ్మాయి కత్తిరించింది. అతికించడానికి అటక మీద నుంచి నా పాత నోట్‌బుక్ తీసింది. ఒక్కో పేజీ తిప్పుతూ చివరికి వచ్చి ఆగింది.

‘నాన్నా, దీంట్లో పూలేసి ఖాళీగా ఉంచావేంటి?’

చెప్పాను. కలకత్తా, కాలరు, క్రోనే, నిషేధం, హైకోర్టు. ఓపిగ్గా విన్నది.

‘అవన్నీ సరే. చేశాడా, చేయలేదా?’

‘తెలీదమ్మా.’

కాసేపు ఆ పేజీనే చూసింది. తర్వాత దాన్ని అలాగే వదిలేసి, సిరాజ్ ఫొటోను వెనక అట్టకు అతికించింది.