మడమ ఎముక విరుపు: కొల్లేటి ప్రాంత శ్రామికుల దృష్టితో ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం:

తెలుగులో ‘మడమ తిప్పడం’ అంటే వెనుదిరగడం. మనిషి నిలకడకు మడమను గుర్తుగా నిలిపిన నుడికారమిది. పాదం వెనుక, నడిమి భాగాల ఎముకల్లో తరచుగా విరిగేది కూడా మడమ ఎముకే. ఎత్తునుంచి కాళ్లపై పడటం ఇందుకు ప్రధాన కారణం. ఏలూరు, తాడేపల్లిగూడెం పరిసరాల్లో తాటిచెట్టు ఎక్కే గీత కార్మికులకు, కొబ్బరి దింపు కార్మికులకు, ఎత్తున నిలిచి గోడకట్టే మేస్త్రీలకు ఈ ముప్పు వృత్తిలోనే ఉంది.

2. గుర్తింపు:

‘బెణికింది’ అని సరిపెట్టుకోవడమే తొలి ప్రమాదం. మడమపై నిలవలేకపోవడం, మడమ వెడల్పుగా కనిపించడం, అరికాలిలో కమిలిన మచ్చ తేలడం విరుపును సూచిస్తాయి. అప్పుడు మర్దన, బిగువైన కట్టు హానికరం. పడిన ఊపు వెన్నుకూ చేరుతుంది. సుమారు పదిమందిలో ఒకరికి వెన్నుపూస కూడా విరుగుతుంది. కనుక వెన్నును, రెండో మడమను సైతం పరీక్షించాలి. ఎక్స్‌రేలో బోహ్లర్ కోణం సాధారణంగా 20–40 డిగ్రీలు ఉంటుంది. అది తగ్గితే ఎముక అణిగిందని అర్థం. కీలు ఎన్ని ముక్కలైందో సి.టి. స్కాన్ చూపుతుంది.

3. దుష్పరిణామాలు – నిర్వహణ:

మడమపై కండ పలుచన. వాపుతో చర్మం బిగిసి పొక్కులు లేచినప్పుడు కోత పెడితే గాయం మానక చీము పట్టవచ్చు. అందుకే కాలును ఎత్తుగా ఉంచి, చర్మంపై ముడతలు తిరిగి కనిపించేవరకు, తరచుగా ఒకటి రెండు వారాలు, శస్త్రచికిత్సను ఆపుతారు. అయితే మూడు సందర్భాల్లో ఆలస్యం తగదు: చర్మం చీలి ఎముక బయటపడినప్పుడు, విరిగిన ముక్క మడమ వెనుక చర్మాన్ని లోపలినుంచి నొక్కుతున్నప్పుడు, వేళ్లు కదిపితే భరించరాని నొప్పి కలిగినప్పుడు. ఈ మూడోది పాదం లోపల పెరిగిన ఒత్తిడికి సూచన; ఉపేక్షిస్తే వేళ్లు వంకరపోవచ్చు. పొగతాగడం, అదుపులేని మధుమేహం గాయం మానడానికి అడ్డుపడతాయి.

విరిగిన ప్రతి మడమకూ శస్త్రచికిత్స తప్పనిసరి కాదు. బ్రిటన్‌లో 151 మందిపై జరిపి 2014లో ప్రకటించిన అధ్యయనంలో, కీలు చెదిరినవారికి శస్త్రచికిత్స చేసినా చేయకున్నా రెండేళ్ల తరువాత నొప్పి, పనితీరు దాదాపు సమానమని తేలింది. దుష్పరిణామాలు శస్త్రచికిత్స పొందినవారిలోనే ఎక్కువ. మడమ ఆకారం తీవ్రంగా చెడినవారిని మాత్రం అందులో చేర్చలేదు.

4. ముగింపు:

మడమ ఎముకకు పైనున్న కీలు పాదాన్ని ఇరుపక్కలకు వాల్చుతుంది. విరుపు తరువాత అది అరిగి బిగుసుకుపోతే సమతలంపై నడక సాగినా, చేపల చెరువు గట్టు వాలుపై, తాటిమానుపై అడుగు కుదరదు. సాధారణంగా రెండు మూడు నెలలు కాలిపై బరువు మోపరాదు. వేళ్ల, చీలమండ కదలికలను మాత్రం వైద్యుని సలహాతో ముందే ఆరంభించాలి. దినకూలీకి ఈ వ్యవధి భారమే. ఆ భారాన్ని కుటుంబం ముందే తెలుసుకోవడం చికిత్సలో భాగం. అందువల్ల ఎముక అతికిందా అన్న ప్రశ్నతోపాటు, రోగి ఏ నేలపై పనిచేసి బతకాలన్న ప్రశ్న కూడా వైద్యనిర్ణయంలో చోటు పొందాలి.