పాత పత్రికల్లో ఉండిపోయిన హెచ్చరిక

గ్రంథాలయాధికారి పని పుస్తకమిచ్చి రిజిస్టరులో రాసుకోవడమేనా? ఈ సంగతి వినండి.

2001లో అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో ఉబ్బసంపై పరిశోధన జరిగింది. అందుకోసం, ఏ జబ్బూ లేని ఒక యువతి హెక్సామెథోనియం అనే మందును పీల్చింది. ఊపిరితిత్తులు దెబ్బతిని, నెల తిరగకముందే చనిపోయింది. వయసు 24 ఏళ్ళు!

ఆ మందు ఊపిరితిత్తులకు చెరుపు చేయవచ్చని 1950లలోనే వైద్య పత్రికల్లో వచ్చింది. మరి పరిశోధకులు వెతకలేదా? వెతికారు. కాని వారు చూసిన కంప్యూటరు సూచిక, పబ్‌మెడ్, అప్పట్లో 1966తో మొదలయ్యేది. అంతకు ముందటివి గ్రంథాలయాల్లోని అచ్చు సూచికల్లో ఉన్నాయి.

ఏ సూచిక ఏ సంవత్సరంతో మొదలవుతుందో వైద్య గ్రంథాలయాధికారికి తెలుసు. ఒకే జబ్బుకు ఎన్ని పేర్లున్నాయో కూడా తెలుసు. మీరు ‘గుండెపోటు’ అని అడిగితే ఆయన ‘మయోకార్డియల్ ఇన్‌ఫార్‌క్షన్’ అనే శీర్షిక కింద వెతుకుతారు. రాసిందెవరు, ఎప్పుడు, ఆ మందు అమ్ముకొనేవారేనా అన్నదీ చూస్తారు (ఇది చాలామంది మరిచే ప్రశ్న). ఏ మందు వాడాలో మాత్రం చెప్పరు. అది డాక్టరు పని.

1946 నుంచి అచ్చయిన పాత సూచికల వివరాలను తర్వాత పబ్‌మెడ్‌లో చేర్చారు.