పండుగ బేరముల మాటున కపటలేఖలు

మంచిర్యాల జిల్లా జైపూర్ మండలమున, పెగడపల్లి చెంత 1200 మెగావాట్ల సింగరేణి విద్యుత్కేంద్రమును ఆశ్రయించియు, ఇందారము, శ్రీరాంపూరు గనులను నమ్ముకొనియు జీవించు కుటుంబములకు దసరా ముంగిట లాభాల వాటా, దీపావళి ముంగిట బోనసు చేతికందుట పరిపాటి. ఆన్‌లైన్ అంగళ్లు తమ మహావిక్రయములను ప్రకటించునదియు ఆ దినములలోనే. కావున అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ వంటి సంస్థల పేరు దొంగిలించి మెయిళ్లు పంపు వంచకులకు అంతకన్న అనువైన కాలము వేరొకటి లేదు. “మీ పార్సెల్ నిలిచిపోయినది”, “రిఫండ్ సిద్ధముగా నున్నది”, “నేడే వివరములు సరిచేయనిచో ఖాతా మూతపడును” అని వాచకము మారుచుండునే గాని, చదువరిని తొందరపెట్టి ఆలోచనకు తావీయకుండుటయే వాని అన్నింటి పరమార్థము.

ఈ వంచనకు మూలము మెయిలు నిర్మాణములోనే కలదు. మెయిళ్లను చేరవేయు ఎస్‌ఎంటీపీ నియమావళి 1982లో, పరిశోధనాలయముల వంటి పరిమిత బృందముల నడుమ ఉత్తరములు సాగిన కాలమున రూపొందినది. పంపినవాడు వ్రాసికొన్న పేరు నిజమా కాదా యని పరీక్షించు ఏర్పాటు అందు లేదు. తదనంతరము చేరిన ఎస్‌పీఎఫ్, డీకేఐఎం, డీమార్క్ అను పరీక్షలు సంస్థ యొక్క అసలు చిరునామాను అపహరించువానిని నిరోధింపగలవు. కాని పోలికగల వేరొక చిరునామాను తానే కొని, దానినుండి పంపువానిని పట్టజాలవు. అందుచే తుది పరీక్ష చదువరిదే.

ఆ పరీక్షకు మన మండలము పేరే దృష్టాంతము. జైపూర్ అను పేర రాజస్థానమున మహానగరమున్నది, మంచిర్యాల జిల్లాలో మన మండలమున్నది. ఉత్తరము ఎచ్చటికి చేరవలెనో నిర్ణయించునది చిరునామా చివరి పంక్తియే. వెబ్ చిరునామాయు అట్టిదే. ‘అమెజాన్ డాట్ ఇన్’ సంస్థ సొంతము; ‘అమెజాన్ డాట్ పండుగకానుక డాట్ కామ్’ అన్నచో దాని యజమాని ‘పండుగకానుక’ వాడే, ముందున్న అమెజాన్ కేవలము ముసుగు. కనుక ఆరంభపు జంట గీతల తరువాత వచ్చు మొదటి ఏటవాలు గీతకు ముందున్న భాగమును కుడినుండి ఎడమకు చదువవలెను. ఫోనులో మెయిలు పంపినవాని పేరు మాత్రమే కనబడును. దానిపై నొక్కినచో అసలు చిరునామా బయటపడును. ‘ఓ’ అక్షరమునకు బదులు సున్న, ‘ఎమ్’కు బదులు జంటగా ‘ఆర్’, ‘ఎన్’ చేర్చి కన్నును మోసగించుటయు కలదు. బ్రౌజరులో చిరునామా ప్రక్కనుండు తాళపు గుర్తు సమాచారము మార్గమధ్యమున ఇతరులు చదువకుండునని చెప్పునే గాని, ఆవలివాడు సత్యవంతుడని చెప్పదు.

అన్నింటికన్న సులభోపాయమొకటి కలదు: మెయిలులోని లింకును ముట్టక, యాప్‌ను స్వయముగా తెరచి ఆర్డర్ల జాబితా చూడవలెను. డబ్బు స్వీకరించుటకు యూపీఐ పిన్ ఎన్నడును అక్కరలేదు. రిఫండ్ పేర పిన్ గాని, ఓటీపీ గాని అడుగువాడు నిశ్చయముగా దొంగయే.

ఒకవేళ మోసపోయినచో వెంటనే సైబర్ మోసముల సహాయవాణి 1930కు ఫోను చేసి, బ్యాంకునకు తెలుపవలెను. పోయిన ధనము ఖాతానుండి ఖాతాకు మారకమునుపే దానిని నిలుపుటకు వీలుండును. రిజర్వు బ్యాంకు 2017 నాటి ఉత్తర్వు ప్రకారము, రహస్య వివరములను ఇచ్చివేసిన ఖాతాదారుడు బ్యాంకునకు తెలుపువరకు కలిగిన నష్టము అతనిదే; తెలిపిన పిమ్మట కలుగునది బ్యాంకుది. కావున ఇంటిలో ఎవరు మోసపోయినను నిందింపక, ముందుగా ఫోను చేయించుడు. భయముచే, సిగ్గుచే దాచిన ప్రతి నిమిషమును వంచకునికి లాభించును.