పాత తెలుగు పాటల రీమాస్టరింగ్

రీమాస్టరింగ్ అనగా పూర్వం రికార్డు చేసిన పాటను, లభించిన వాటిలో శ్రేష్ఠమైన మూలప్రతి నుండి మరల సేకరించి, దోషాలను సవరించి, కొత్త మాధ్యమానికి తగినట్లు సిద్ధపరచడం. ఇట్టి ప్రతులు గ్రామఫోను రికార్డులు, క్యాసెట్లు, సీడీల తరువాత ఇప్పుడు హై-రిజల్యూషన్ స్ట్రీమింగ్ సేవల ద్వారా శ్రోతలకు చేరుతున్నాయి. వీటి నాణ్యతను ముఖ్యంగా నిర్ణయించేవి మూలప్రతి యొక్క స్థితి, దానిని సవరించిన వారి నైపుణ్యం. పాట పక్కన కనిపించే బిట్ల, హెర్ట్జ్‌ల అంకెలది ఆ తరువాతి స్థానం.

కడప, కర్నూలు ప్రాంతంతో సంబంధం

తెలుగు సినిమా సంగీతపు తొలి స్వర్ణయుగంలో రాయలసీమ వారి పాత్ర గణనీయమైనది. మల్లీశ్వరి (1951) దర్శకుడు బి.ఎన్.రెడ్డి, విజయా సంస్థ నిర్మాతలలో ఒకరైన బి.నాగిరెడ్డి సోదరులు, కడప జిల్లాకు చెందినవారు. పాతాళభైరవి (1951), మాయాబజార్ (1957) దర్శకుడు కె.వి.రెడ్డి అనంతపురం జిల్లా తాడిపత్రికి చెందినవాడు. ఈ చిత్రాల పాటలు మద్రాసులో రికార్డు అయినా, రాయలసీమ పల్లెలకు ఎక్కువగా రేడియో ద్వారానే చేరాయి. ఆకాశవాణి కడప కేంద్రం 1963లో ప్రారంభమైనది. మీడియం వేవ్ ప్రసారంలో సుమారు 5,000 హెర్ట్జ్‌లకు పైనున్న ధ్వనులు దాదాపుగా వినిపించవు. కనుక రేడియోలో విని పెరిగిన వారికి అదే పాట శుభ్రమైన ప్రతి కొత్తగా, కొంత పదునుగా తోచడం సహజం.

ఉమ్మడి కడప జిల్లా రాజంపేట సమీపంలోని తాళ్ళపాకకు చెందిన అన్నమాచార్యుని (1408-1503) కీర్తనల రికార్డులు కూడా ఈ చర్చలోకి వస్తాయి. ఎం.ఎస్.సుబ్బులక్ష్మి గానం చేసిన బాలాజీ పంచరత్నమాల లాంగ్ ప్లే రికార్డులు 1980 ప్రాంతంలో వెలువడ్డాయి. అప్పటికి స్టూడియోలలో అయస్కాంత టేపు స్థిరపడినది. అందువలన వీటి మూలప్రతిలో 1950ల నాటి సినిమా పాటలలో కంటే ఎక్కువ వివరం ఉండే అవకాశం ఉన్నది.

మూలప్రతులు

పాత పాటకు సాధారణంగా మూడు రకాల మూలాలు ఉంటాయి.

* 78 ఆర్.పి.ఎం. రికార్డు: ఒక్కో వైపు మూడు నిమిషాలకు కొద్దిగా పైన పాట పడుతుంది. ముల్లు అరుగుదల వలన చిటపట, గరగర శబ్దాలు చేరుతాయి.
* ఫిలిం అంచున కాంతి చారగా ముద్రించిన ధ్వని: దీని పరిధి సుమారు 8,000 హెర్ట్జ్‌లకు అటూ ఇటూ ఉంటుంది. ఫిలిం మీది గీతలు, ధూళి కూడా శబ్దంగా వినిపిస్తాయి.
* అయస్కాంత టేపు: మూడింటిలో ఉత్తమమైనది. సన్నని బుస శబ్దం దీని సహజ లోపం.

1950లలో గాయకులు, వాద్యబృందం ఒకే సమయంలో పాడి వాయించగా అంతా కలిసి ఒకే మోనో ధ్వనిగా రికార్డు అయ్యేది. కాబట్టి తరువాత గొంతును వేరుగా, వయొలిన్లను వేరుగా సవరించే వీలు ఉండేది కాదు. ఇటీవల కంప్యూటరు సహాయంతో కలిసిపోయిన ధ్వనులను విడదీసే పద్ధతులు వచ్చాయి. బీటిల్స్ బృందం 2023లో విడుదల చేసిన 'నౌ అండ్ దెన్' పాటలో జాన్ లెనన్ గొంతును పాత క్యాసెట్టు నుండి ఈ విధంగానే వేరుచేశారు.

అంకెల అర్థం

సెకనుకు ఎన్నిసార్లు ధ్వనిని కొలుస్తారో తెలిపేది శాంపిలింగ్ రేటు. ఒక్కో కొలతను ఎంత సూక్ష్మంగా నమోదు చేస్తారో తెలిపేది బిట్ల సంఖ్య. మూడు నిమిషాల స్టీరియో పాటకు, 320 కిలోబిట్ల ఎంపీ3 తప్ప మిగిలినవి కుదించక మునుపు, పరిమాణం ఇలా ఉంటుంది:

* 320 కిలోబిట్ల ఎంపీ3: సుమారు 7 మెగాబైట్లు
* సీడీ (16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్): సుమారు 32 మెగాబైట్లు
* 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్: సుమారు 104 మెగాబైట్లు
* 24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్: సుమారు 207 మెగాబైట్లు

యాపిల్ మ్యూజిక్ 2021లో 24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్ వరకు, స్పాటిఫై 2025లో 24 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్ వరకు నష్టరహిత ప్రసారాన్ని ప్రవేశపెట్టాయి.

శాంపిలింగ్ రేటులో సగం వరకు ఉన్న ధ్వనులను నమోదు చేయవచ్చును. అనగా సీడీ 20,000 హెర్ట్జ్‌లకు పైగా పట్టగలదు. మానవుని వినికిడి హద్దు కూడా దాదాపు అంతే. మూలంలో 8,000 హెర్ట్జ్‌ల వరకే పాట ఉన్నప్పుడు 192 కిలోహెర్ట్జ్ ఫైలులో అదనంగా చేరేది చాలావరకు గీతల శబ్దమే. పెద్ద కుండలో పోసినంత మాత్రాన చెంబుడు నీళ్ళు పెరగవు.

అయితే మూలప్రతిని సేకరించే దశలో పెద్ద అంకెల వలన ప్రయోజనం ఉన్నది. అంతర్జాతీయ ధ్వని, దృశ్య భాండాగారాల సంఘం ఇందుకు కనీసం 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్‌లను సూచించినది. చిటపట శబ్దాలను గుర్తించి తొలగించడానికి అదనపు వివరం తోడ్పడుతుంది.

వినికిడి పరీక్షలు

2007లో అమెరికాకు చెందిన బ్రాడ్ మేయర్, డేవిడ్ మోరన్ ప్రచురించిన పరీక్షలలో శ్రోతలు హై-రిజల్యూషన్ ధ్వనిని సీడీ స్థాయికి తగ్గించిన ధ్వని నుండి గుర్తుపట్టలేకపోయారు. 2016లో లండనుకు చెందిన జాషువా రీస్ 18 ప్రయోగాల ఫలితాలను కలిపి పరిశీలించగా సరైన సమాధానాలు సుమారు 52 శాతం వచ్చాయి. శిక్షణ పొందిన వారిలో ఇది కొంత ఎక్కువ. దీనినిబట్టి తేడా ఉన్నా అది చాలా స్వల్పమని చెప్పవచ్చును. ఒకే పాట యొక్క రెండు రీమాస్టరింగుల మధ్య తేడా మాత్రం చాలాసార్లు సామాన్య శ్రోతకు కూడా తెలుస్తుంది.

సాధారణ లోపాలు

మొదటిది అతి శుభ్రత. బుసను పూర్తిగా తొలగించబోతే దానితోపాటు గొంతులోని ఊపిరి, తంబురా నాదపు తుది భాగం కూడా పోతాయి. పాట నీటి అడుగునుండి వస్తున్నట్లు వినిపిస్తుంది.

రెండవది అతి తీవ్రత. మెల్లని భాగాలను పెంచి, గట్టి భాగాలను అణచి పాట మొత్తాన్ని ఒకే బిగ్గరతనానికి తెస్తారు. మెటాలికా బృందం 2008లో విడుదల చేసిన 'డెత్ మాగ్నెటిక్' ఆల్బము ఇందుకు పేరుపొందిన ఉదాహరణ. స్ట్రీమింగ్ సేవలు అన్ని పాటలను దాదాపు సమాన స్థాయికి సర్దుతున్నందున బిగ్గరతనం వలన లాభం తగ్గినది. కాని ఒకసారి అణచిన గమకాల ఎగుడుదిగుళ్ళు ఆ ప్రతిలో తిరిగి రావు.

మూడవది కృత్రిమ విస్తరణ. ఒకే ధ్వనిగా ఉన్న పాటకు ప్రతిధ్వని, కొత్త వాద్యాలు చేర్చి స్టీరియోగా మార్చడం. ఇది నిజానికి రీమాస్టరింగ్ కాదు, పునర్నిర్మాణం.

మాయాబజార్ ఉదాహరణ

1957 మార్చి 27న విడుదలైన మాయాబజార్‌కు ఘంటసాల సంగీతం సమకూర్చాడు. నాలుగు పాటల బాణీలు సాలూరి రాజేశ్వరరావువి. హైదరాబాదుకు చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ ఈ చిత్రానికి రంగులద్ది, మోనో ధ్వనిని డిటిఎస్ 5.1 పద్ధతికి మార్చి, 2010 జనవరి 30న విడుదల చేసినది. ఈ ప్రతి వలన చిత్రం కొత్త తరానికి చేరినది. కాని ఆరు మార్గాల ధ్వని 1957లో లేదు. ఆ అమరిక 2010 నాటి సాంకేతికుల నిర్ణయం. ఆనాటి సంగీతాన్ని అధ్యయనం చేయగోరే విద్యార్థికి మోనో ప్రతియే ప్రమాణం. కొత్త ప్రతి వచ్చినప్పుడు పాతది కూడా అందుబాటులో ఉండడం అందుకే అవసరం.

రాయలసీమలో రికార్డుల భద్రత

మాస్టర్ టేపు నశించిన చోట ఇళ్ళలో మిగిలిన రికార్డే మూలప్రతి కావచ్చును. వేసవిలో కర్నూలు, కడపలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. పొడి వాతావరణం వలన టేపులకు బూజు బెడద తీరప్రాంతం కంటే తక్కువ. కాని ధూళి గాళ్ళలో చేరి, ముల్లు కింద పడి వాటిని గీస్తుంది. ఎండ తగిలే చోట లేదా మూసిన వాహనంలో ఉంచిన వినైల్ రికార్డులు వంగిపోతాయి. రికార్డులను ఒకదానిపై ఒకటి పేర్చక, సంచులలో ఉంచి, నీడపట్టున నిలువుగా అమర్చాలి.

శ్రోతలు గమనించవలసినవి

* రెండు ప్రతులను పోల్చేటప్పుడు ధ్వని స్థాయి సమానంగా ఉంచాలి. కొద్దిగా బిగ్గరగా ఉన్నదే మెరుగైనదిగా తోస్తుంది.
* సాధారణ బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు ధ్వనిని మరల కుదిస్తాయి. నష్టరహిత ప్రతి వినడానికి తీగ ఉన్నవి మేలు.
* రీమాస్టరింగ్ చేసిన సంవత్సరం, వాడిన మూలప్రతి తెలిపి ఉంటే అవి బిట్ల సంఖ్య కంటే ఉపయోగకరమైన సమాచారం. స్ట్రీమింగ్ సేవలలో మూలప్రతి వివరం తరచుగా కనిపించదు.

ఇవి కూడా చూడండి

* మాయాబజార్
* బి.నాగిరెడ్డి
* తాళ్ళపాక అన్నమాచార్యులు
* గ్రామఫోను