గోడలో ఒదిగిన స్పీకర్

స్పీకర్‌ను గోడలో అమర్చడమంటే గది అందం కోసం నాణ్యతను వదులుకోవడమేనన్న అభిప్రాయం చాలామందిలో ఉన్నప్పటికీ, ధ్వనిశాస్త్రం దానిని సమర్థించదు. విడిగా నిలబెట్టిన పెట్టె నుంచి వెలువడే తక్కువ పౌనఃపున్యపు ధ్వని, అంటే మృదంగం ఎడమవైపు నుంచి పలికే నాదం వంటి మంద్రధ్వని, దాని తరంగాలు పెట్టె వెడల్పు కంటే ఎంతో పొడవైనవి కావడం వల్ల, అంచులను చుట్టుకొని వెనక్కి కూడా వ్యాపిస్తుంది; సెకనుకు 100 కంపనాలున్న తరంగం పొడవు గాలిలో సుమారు 3.4 మీటర్లు. అలా వెళ్లిన ధ్వని గోడను తాకి తిరిగివచ్చి, నేరుగా వచ్చే ధ్వనితో కలుస్తుంది; ఒక తరంగపు ఎత్తు మరొకదాని పల్లంతో కలిసిన చోట కొన్ని స్వరాలు క్షీణిస్తాయి. స్పీకర్ ముఖం గోడతో సమతలంగా ఉంటే వెనక్కి పోయే దారే ఉండదు గనుక ఈ లోపం చాలావరకు తొలగడమే కాక, మంద్రస్థాయి బలం 6 డెసిబెళ్ల వరకు పెరుగుతుంది. ఎన్నో రికార్డింగ్ స్టూడియోలు తమ పెద్ద మానిటర్ స్పీకర్లను గోడలో పొదగడానికి ముఖ్య కారణమిదే.

అయితే అమర్చే తీరు గోడను బట్టి మారుతుంది. అమెరికా ఇళ్లలో సాధారణంగా 16 అంగుళాల ఎడంలో నిలిపిన కర్రలపై జిప్సం పలకలు బిగిస్తారు. ఆ పలక స్పీకర్‌తో పాటు కంపించి ధ్వనిని మసకబార్చకుండా, శబ్దం పక్కగదికి పాకకుండా, ఉన్నతశ్రేణి నమూనాలకు వెనుక దృఢమైన మూసిన పెట్టెను, అంటే బ్యాక్ బాక్స్‌ను, జతచేస్తారు. తెలుగునాట ఇటుక గోడ అంతగా కంపించదు గానీ దానిలో ఖాళీ ఉండదు. 9 అంగుళాల గోడను తొలవడం కంటే దాని ముందు గట్టి ఫ్రేము కట్టించి, తీగలను ముందుగానే పైపుల్లో వేయించడం మేలు. పైస్థాయి ధ్వనులను పలికించే ట్వీటర్ కూర్చున్నవారి చెవి ఎత్తులో ఉండేలా ముందే చూసుకోవాలి, ఎందుకంటే ఒకసారి బిగించిన స్పీకర్‌ను జరపడం దాదాపు అసాధ్యం.