పికిల్‌బాలు, బాల్‌బాడ్మింటను

వలకు రెండు ప్రక్కల నిలిచి బంతిని కొట్టుకొను ఆటలు లోకమున పెక్కు గలవు. వానిలో నేడు నగరములందు మిక్కిలి ప్రచారమునకు వచ్చుచున్నది పికిల్‌బాలు. దానికి దగ్గరి చుట్టమును, మన దక్షిణదేశమున పుట్టినదియు నగు ఆట బాల్‌బాడ్మింటను. ఈ రెంటి పుట్టుకను, ముఖ్యనియమములను విద్యార్థులు తెలిసికొనుట మేలు. ఏ ఆటకు ఎట్టి నేల వలయునో, ఎందరు ఆడవచ్చునో తెలిసినగాని మన బడికి తగినది యేదో నిర్ణయింపజాలము.

1965వ సంవత్సరపు వేసవిలో అమెరికాలోని వాషింగ్టను రాష్ట్రమున, బెయిన్‌బ్రిడ్జి దీవియందు, జోయెల్ ప్రిచర్డు, బిల్ బెల్ అను మిత్రులు ఇంటియొద్దనున్న పాత బాడ్మింటను కోర్టులో ఆడదలచిరి. కావలసిన పరికరములు దొరకలేదు. అంతట వారు టేబులు టెన్నిసు బ్యాట్లను, చిల్లులుగల ప్లాస్టిక్ బంతిని తెచ్చి ఆడసాగిరి. బంతి గట్టినేలపై చక్కగా పైకి లేచుచుండుటచే వలను క్రిందికి దింపిరి. బార్నీ మెక్కల్లమ్ అను మిత్రుడు వారితో చేరి, నియమములు కూర్చుటకు తోడ్పడెను.

పికిల్ అనగా ఊరగాయ గదా యని మనవారు నవ్వవచ్చును. ఈ ఆటకును ఆవకాయ జాడీకిని సంబంధమేమియు లేదు. పడవపందెములలో, తక్కిన పడవలకు ఎన్నుకొనగా మిగిలినవారిని కూర్చి నడపు పడవకు ఆ దేశమున పికిల్‌బోటని పేరు. పలు ఆటలనుండి కూర్చినది గనుక ప్రిచర్డు భార్య జోన్ దీనికి ఆ పేరు పెట్టెనని ఆ కుటుంబమువారు చెప్పుదురు.

దీని కోర్టు పొడవు 44 అడుగులు, వెడల్పు 20 అడుగులు. వల అంచులయందు 36 అంగుళములు, నడుమ 34 అంగుళముల యెత్తుండును. సర్వీసును నడుము క్రిందినుండి కొట్టి, బంతిని ఏటవాలుగా ఎదుటి భాగమునకు పంపవలెను. ఆ బంతి ఒకమారు నేల తాకిన పిమ్మటనే ఎదుటివారు కొట్టవలెను. వారు త్రిప్పి పంపినదానిని సర్వీసు పక్షమువారును నేల తాకనిచ్చియే కొట్టవలెను. వలకు ఇరువైపుల 7 అడుగుల మేరకు ‘వంటయిల్లు’ అని పేరు. అందు నిలిచి గాలిలోని బంతిని కొట్టరాదు. 11 పాయింట్లు ముందుగా పొంది, ఎదుటివారికంటె రెండైనను ఎక్కువ గలవారు గెలిచినట్లు.

ఇక బాల్‌బాడ్మింటను సంగతి. 1856 నాటికే తంజావూరు రాజకుటుంబమువారు దీనిని ఆడుచుండిరి. 1954లో అఖిల భారత సమాఖ్య యేర్పడెను. 1956లో మొదటి జాతీయపోటీలు మన హైదరాబాదుననే జరిగెను. దీని కోర్టు పొడవు 24 మీటర్లు, వెడల్పు 12 మీటర్లు. వల నడుమ 1.83 మీటర్ల యెత్తుండును. బంతి పసుపుపచ్చని ఉన్నితో చేయబడి, 27 మొదలు 30 గ్రాముల వరకు తూగును. పక్షమునకు ఐదుగురు చొప్పున ఆడుదురు. సర్వీసు ఇందును నడుము క్రిందినుండియే చేయవలెను. ఆ బంతి వలనుండి మీటరు దూరముననున్న గీతను దాటి, ఏటవాలు భాగమున పడునట్లుండవలెను. ఎదుటివారు దానిని నేల తాకకమునుపే త్రిప్పికొట్టవలెను. పూర్వము 29 పాయింట్లకు ఆట ముగియుచుండెను. ఇప్పుడు 35 పాయింట్లకు ఆడుచున్నారు. మూడాటలలో రెండు గెలిచినవారిదే పందెము.

ఈ రెంటికిని గల ముఖ్యభేదము బంతియందున్నది. ప్లాస్టిక్ బంతి నేలనుండి లేవవలెను గనుక పికిల్‌బాలునకు సిమెంటు వంటి గట్టినేల కావలెను. ఉన్నిబంతి నేల తాకిన ఆట యాగును గనుక, చదునుచేసి నీరు చల్లి అణగద్రొక్కిన మట్టినేల చాలును. ఈకలబంతివలె అది కొద్ది గాలికే దారి తప్పదు గనుక ఆరుబయట ఆడవచ్చును. పికిల్‌బాలు కోర్టులో నలుగురు ఆడుచోట, ఇందు పదిమంది ఆడుదురు. బీదబడికి ఇంతకంటె అనువైన ఆటను చూపుట కష్టము.

మనకు పొరుగుననున్న వరంగల్లులో నివసించిన జమ్మలమడక పిచ్చయ్యగారు ఈ యాటలో ప్రసిద్ధులు. వీరికి 1970లో అర్జున పురస్కారము లభించెను. బాల్‌బాడ్మింటనులో ఆ గౌరవమునందిన మొదటివారు వీరే. నూరేండ్లు దాటి జీవించి, 2021 డిసెంబరులో పరమపదించిరి.

క్రొత్త యాటను నేర్చుట తప్పుగాదు. కాని దానికొరకు సిమెంటు పరచి అద్దె వసూలుచేయు స్థలములు పెరుగుచుండగా, ఉన్నిబంతిని చూడనైన చూడని బాలురు మనలో పెరుగుచున్నారు. ఆడువారు తగ్గినకొలది నేర్పువారును తగ్గుదురు. నేర్పువారు లేని యాటను పుస్తకము చూచి మరల తెచ్చుట దుర్లభము. ఇల్లందు వంటి గనుల యూరిలో, ఖాళీస్థలము ఇండ్లకును బండ్లకును పోవుచున్న ఈ దినములలో, ప్రతి బడియు ఇరువదినాలుగు మీటర్ల మట్టినేలను విడిచియుంచిన చాలును. విద్యార్థులారా, సాయంకాలము పదిమంది కూడి ఒక వల కట్టుడు.