చిత్తు కాగితముల వర్తకము



చదివి మూలబెట్టిన వార్తాపత్రికలను తూకము వేసి కొనిపోవు వర్తకుడు మీ గ్రామమునకును వచ్చుచుండును. అతడు చెప్పు ధర ఒక యేడు హెచ్చుటయు, ఒక యేడు తగ్గుటయు మీరెరిగినదే. అందులకు కారణము పెక్కుసారులు మన దేశమునందుండదు. చైనా వృత్తాంతము చెప్పి యీ సంగతిని విశదపరచెదను.

చైనా కర్మాగారముల సరకు అట్టపెట్టెలలో అమెరికాకు పోవుచుండును. అట్టకు పీచు కావలెను. ఆ దేశమున కలప చాలదు. అమెరికాలోనో, పాత యట్టలు గుట్టలుగా పడియుండెడివి. సరకు దించిన యోడలు ఖాళీగా మరలవలసినవే గనుక స్వల్పమైన బాడుగకే వానిని తెచ్చుచుండెడివి. సంతలో ధాన్యము దించిన బండి మరలునపుడు చౌకగా ఎరువు తెచ్చునట్లన్నమాట! ఈ మర్మము గ్రహించిన జాంగ్ యిన్ అను నామె 1995లో చైనాలో కాగితపు మిల్లు స్థాపించి మహాధనవంతురాలాయెను.

బేరము సులభముగా నుండుటచే అమెరికా పట్టణములు కాగితములను, సీసాలను, ప్లాస్టిక్కును ఒకే తొట్టిలో వేయనిచ్చెను. ఏరు కూలి మిగిలెను; కాగితము మాత్రము మురికియాయెను. 2018 మార్చి మొదలుకొని నూటికి అర పాలు మించి మలినమున్న కాగితమును చైనా ప్రభుత్వము రానీయలేదు. 2021 జనవరి 1 నుండి విదేశముల చెత్త నంతటిని నిషేధించెను. కొనువాడు లేక అమెరికాలో కొన్ని పట్టణములు ఎదురు సొమ్మిచ్చి కాగితమును వదిలించుకొనెను. కొన్ని సేకరణమునే మానెను. ఆ మూటలు మన దేశమునకును మరలెను. మిల్లులకది లాభమే. కాని పరదేశపు చిత్తు చౌకగా దిగినపుడు వీధులలో కాగితములేరు పేదవాని కూలి పడిపోవును. అంతియేకాదు, మూటలలో దాగివచ్చిన ప్లాస్టిక్కు ముజఫర్‌నగరు మిల్లుల చెంత పోగుపడెను.

సేకరింపుడని శాసించుట ప్రభుత్వములకు తేలిక. కొనువానిని కల్పించుట కష్టము. 1993 అక్టోబరులో అమెరికా అధ్యక్షుడు క్లింటన్, తన ప్రభుత్వ కచేరీలు కొను వ్రాతకాగితములో 1994 చివరినుండి నూటికి 20 పాళ్ళు, 1998 చివరినుండి 30 పాళ్ళు జనులు వాడి విడిచిన పీచు ఉండవలెనని ఆజ్ఞాపించెను. ఈ పద్ధతియే నాకు మెచ్చదగినదిగా తోచుచున్నది. అయినను అది కేంద్ర ప్రభుత్వపు కొనుగోళ్ళకే పరిమితమై యుండెను గనుక దేశపు చిత్తునంతను ఇముడ్చుకొనజాలకపోయెను.

మరియొక చిక్కు కలదు. కాగితమును నానబెట్టి చిలికిన ప్రతిసారియు పీచు పొట్టియగును. అయిదారు మారులైన పిదప అది పట్టు తప్పును గనుక, క్రొత్త పీచు కొంత కలుపక తప్పదు. తడిసి బూజుపట్టిన కాగితమైనచో మొదటి మారే చెడును. అందుచేతనే మిల్లువారు తడిని తూకములో తీసివేసి, తెల్లకాగితము, పత్రికలు, అట్టలు వేర్వేరుగా కట్టిన మూటలకు హెచ్చు వెలనిత్తురు.